ఒక్క అక్షరం మీద ఎన్ని పాపాలు!

కంప్యూటర్ గేమ్‌ల గురించి మాట్లాడుకునేవాళ్ల మధ్య ఒక కథ ఏళ్లుగా చలామణీలో ఉంది. 2013లో 'ఏలియన్స్: కలోనియల్ మెరీన్స్' అనే షూటింగ్ గేమ్ వచ్చి పరువు పోగొట్టుకుంది కదా, దానికంతటికీ కారణం ఒక్క అక్షరమట. ఎవరో ప్రోగ్రామర్ సెట్టింగుల ఫైల్లో ఒక పదం తప్పు కొట్టాడట. ఆ తప్పు వల్ల ఆటలోని రాకాసి జీవుల బుర్ర పనిచేయలేదట. కొన్నేళ్ల తర్వాత ఒక అభిమాని ఫైలు తెరిచి ఆ అక్షరం చెరిపేస్తే ఆట ఒక్కసారిగా బాగుపడిందట. 2018 జులైలో ఈ సంగతి ప్రపంచమంతా పాకింది. వార్తలు వచ్చాయి, యూట్యూబ్‌లో వీడియోలు వచ్చాయి. నేను బతికేది టెస్టింగ్ ఉద్యోగం మీద కాబట్టి నా చెవిన మరీ ఎక్కువగా పడుతుంటుంది. కొత్తగా చేరిన పిల్లలకు ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు ఎవరో ఒకరు ఈ కథ ఎత్తుకుని "చూశారా, ఒక్క అక్షరం ఖరీదెంతో!" అని ముగిస్తారు. పిల్లలు నవ్వుతారు.

కథ బాగానే ఉంది. చెప్పడానికి తేలిక, మరిచిపోవడం కష్టం. అబద్ధమూ కాదు, ఆ అక్షరం నిజంగానే ఆ ఫైల్లో ఉంది. నా పేచీ అక్షరంతో కాదు, 'అంతటికీ కారణం' అన్న ముక్కతో. ఆ ఆటను చంపింది అక్షరం కాదు. చంపినవాళ్లు వేరే ఉన్నారు, వాళ్లకు ఈ కథ ఐదేళ్లు ఆలస్యంగా అందిన క్లీన్‌చిట్.

ముందు ఆ అక్షరం సంగతేమిటో చూద్దాం. ఆట పీసీ వెర్షన్‌లో 'పెకాన్ ఇంజిన్' పేరుతో ఒక ఐఎన్ఐ ఫైలు ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెరుచుకునే ఉత్త టెక్స్ట్ ఫైలు. అందులో ఒక లైను చేసే పని దారి మళ్లింపు. 'జెనోను టెదర్‌కు తగిలించు' అనే పాత, సరిగా పనిచేయని ఆదేశం ఎక్కడ ఎదురైనా దాని బదులు 'పాన్‌ను టెదర్‌కు తగిలించు' అనే పనిచేసే ఆదేశాన్ని వాడమని చెబుతుంది. జెనో అంటే ఆటలోని రాకాసి జీవి, జెనోమార్ఫ్. పాన్ అంటే ఆటలో కదిలే ఏ పాత్రైనా. టెదర్ అంటే పలుపుతాడు. జీవి పుట్టగానే దాన్ని ఒక జాగాకు కట్టేయడం దాని పని. ఆ జాగా నుంచి బయటపడే దారులేవి, ఎదురుకాల్పులు మరీ ఎక్కువైతే ఏ మూలకు తప్పుకోవాలి, వెనకవైపుకు ఎలా చుట్టి రావాలి అన్నవన్నీ ఆ కట్టును బట్టే జీవికి తెలుస్తాయి. ఆ రెండో ఆదేశం పేరులో టెదర్ స్పెల్లింగ్ మధ్యలో అక్కర్లేని 'ఏ' ఒకటి వచ్చి కూర్చుంది. ఆ పేరుతో ఏ ఆదేశమూ లేదు. ఆట క్రాష్ కాలేదు, ఎర్ర బాక్సేదీ చూపించలేదు. నోరు మూసుకుని ముందుకు సాగిపోయింది. పలుపు లేని జెనోమార్ఫ్‌లకు తెలిసిందల్లా ఒకటే, ఆటగాడు ఎక్కడుంటే అక్కడికి తిన్నగా పరుగెత్తుకురావడం, గుళ్లు తిని చావడం.

నేనూ ఆ అక్షరం తీసేసి ఆడి చూశాను. తేడా ఉంది, కాదనను. కొన్ని జీవులు గోడ పక్కకు తప్పుకుంటాయి, కొన్ని కాసేపు కనబడకుండా పోయి ఇంకో వైపు నుంచి వస్తాయి. ఒకటి రెండు చోట్ల ఉలిక్కిపడ్డాను కూడా. అయినా దిద్దిన ఆట మంచి ఆట కాలేదు. పాడు ఆట కాస్త తక్కువ పాడయింది, అంతే.

ఈ ఆట మీద జనం ఎన్ని ఆశలు పెట్టుకున్నారో తెలిస్తేగాని ఆ నిరాశ ఎంతటిదో అర్థం కాదు. 1979లో రిడ్లీ స్కాట్ 'ఏలియన్' తీశాడు, 1986లో జేమ్స్ కామెరన్ 'ఏలియన్స్' తీశాడు. మొదటి సినిమాలో భయమంతా ఒక్క జీవి చుట్టూనే. రెండోదాంట్లో గుంపు వస్తుంది. ఆ గుంపుకు ఎదురుగా నోటి దురుసుకూ ఆయుధాలకూ లోటు లేని మెరీన్ సైనికులు ఉంటారు. పల్స్ రైఫిల్, శత్రువు దగ్గరయ్యేకొద్దీ చప్పుడు పెంచే మోషన్ ట్రాకర్, ఆరిపోయే లైట్లు, పైకప్పులోంచి దిగే నీడలు. ఫస్ట్ పర్సన్ షూటర్ అనే ఆటల జాతి ఈ సినిమాకు చాలా బాకీ పడింది. 1993లో 'డూమ్' చేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్లు మొదట్లో దాన్ని 'ఏలియన్స్' లైసెన్సుతోనే చేద్దామా అనుకుని, తమ ఇష్టానికి పని సాగదని మానుకున్నారు. మరుసటి ఏడు ఒక అభిమాని అదే డూమ్‌ను తీసుకుని మొత్తంగా ఏలియన్స్ ఆటగా మార్చేసి ఊరికే పంచిపెట్టాడు. దాని మొదటి లెవెల్లో శత్రువు అన్నదే లేదు. ఖాళీ గదుల్లో తిరుగుతాం, ఏదో మీద పడుతుందని గుండె చిక్కబట్టుకుని ప్రతి మూలా తిరుగుతాం, ఏదీ పడదు, పడలేదని ఇంకా భయం ముదురుతుంది, ఈలోపు లెవెల్ అయిపోతుంది. జీతం లేని ఒక కుర్రవాడికి 1994లోనే తెలిసిన రహస్యమిది. ఈ సినిమా ఆటగా మారాలంటే తుపాకీ మోత కన్నా ముందు దాని కోసం కాచుకుని ఉండే సమయం కావాలి.

2006 డిసెంబరులో సెగా సంస్థ ఫాక్స్ దగ్గర ఏలియన్ లైసెన్సు కొన్నది. షూటర్ చేసే పని టెక్సస్‌లోని గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చింది. కామెరన్ సినిమా ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి కథ నడుస్తుందన్నారు. సులాకో నౌకను, ఎల్‌వీ-426 ఉపగ్రహం మీది హ్యాడ్లీస్ హోప్ కాలనీని మళ్లీ కళ్లకు కడతామన్నారు. సినిమాకు సులాకో రూపం గీసిన సిడ్ మీడ్‌నే పిలిపించి, తెరమీద కనబడని భాగాలను ఆయన చేతనే గీయించారు. సినిమాలో ఆ పాత్రలు వేసిన మైకేల్ బీన్ హిక్స్‌కు, లాన్స్ హెన్రిక్సన్ బిషప్‌కు తమ గొంతులే ఇచ్చారు. ఇంతకన్నా ఏం కావాలి? 2011, 2012 ఈ3 గేమ్ ప్రదర్శనల్లో డెమోలు చూపించారు. గేర్‌బాక్స్ అధిపతి రాండీ పిచ్‌ఫర్డ్ స్వయంగా వ్యాఖ్యానం చెబుతూ నడిపించిన వీడియో చూసి నాలాంటివాళ్లు నోరెళ్లబెట్టారు. కదిలే టార్చి వెలుగు, దాని వెంట జారే నీడలు, పొగ, తడిసిన ఇనుప గోడలు.

2013 ఫిబ్రవరి 12న అసలు ఆట వచ్చింది. సమీక్షలు విడుదల రోజు దాకా బయటికి రాకూడదని ఆంక్ష పెట్టారు. అందుకని ముందస్తుగా డబ్బు కట్టినవాళ్లకు హెచ్చరిక అందే దారి లేకపోయింది. బ్రిటన్‌లో మొదటి వారం అమ్మకాల్లో అగ్రస్థానం దానిదే. సమీక్షల సగటు మార్కులు ఏ వేదిక మీదా వందకు యాభై దాటలేదు. జనం డెమోనూ ఆటనూ పక్కపక్కన పెట్టి వీడియోలు చేశారు. ఒకే గది, ఒకే నడవ. ఒకవైపు ప్రాణముంది, ఇంకోవైపు పాలిపోయిన గోడ. నీడలు లేవు, పొగ లేదు, డెమోలో ఊపిరి బిగపట్టించిన ఘట్టాలు కొన్ని చప్పబడ్డాయి, కొన్ని అసలు లేవు. 2013 ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రకటనల ప్రమాణాల సంస్థకు ఫిర్యాదు వెళ్లింది. ఆ ట్రైలర్లు తుది ఆటకు అద్దం పట్టవని సెగా ఒప్పుకుని, వాటికి హెచ్చరిక వాక్యం తగిలిస్తానంది. అదే నెలలో అమెరికాలో వినియోగదారులు దావా వేశారు. అసలు గేమ్‌ప్లే అని చూపించి ఇంకేదో అమ్మారన్నది వాళ్ల అభియోగం. 2014లో సెగా పన్నెండున్నర లక్షల డాలర్లతో రాజీకి ముందుకొచ్చింది. తప్పు తనది కాదని వాదించిన గేర్‌బాక్స్, అందరి తరఫునా ఒకే కేసుగా నడపడానికి కోర్టు 2015లో నిరాకరించాక బయటపడింది.

ఇప్పుడు చెప్పండి. గోడల మీది వెలుగు ఆ 'ఏ' అక్షరం తినేసిందా? డెమోలోని నీడలు టెదర్‌కు కట్టి ఉన్నాయా? కోర్టుకెళ్లినవాళ్ల ఫిర్యాదు జెనోమార్ఫ్ తెలివి తక్కువైందని మాత్రమే కాదు, చూపింది ఒకటి, చేతిలో పెట్టింది ఇంకొకటి అని. 2018 తర్వాత ఈ కథ చెప్పేవాళ్లలో డెమో ఊసెత్తేవాళ్లు నాకు బహు తక్కువగా తగిలారు. అక్షరం దొరకగానే డెమో మాట వెనక్కి పోయింది. ఇది ఎవరికి లాభమో వేరే చెప్పాలా!

అంతకన్నా నన్ను విసిగించేది ఆటలోనే ఉంది. పేరు చూస్తే 'ఏలియన్స్'. కొంత దూరం పోయాక మన తుపాకీకి ఎదురయ్యేది ఏలియన్లు కాదు, సినిమాల్లోని వేలాండ్-యుటాని కంపెనీ కిరాయి సైనికులు. వాళ్లు పెట్టెల వెనక నక్కి కాలుస్తారు, మనం ఇంకో పెట్టె వెనక నక్కి కాలుస్తాం. ఆ రోజుల్లో వారానికొకటి వచ్చిన మిలిటరీ షూటర్లలో ఇదే తంతు. ప్రపంచంలోకెల్లా విలక్షణమైన శత్రువు లైసెన్సు చేతిలో ఉండగా, ఎక్కడైనా దొరికే మనుషుల్ని తెచ్చి నిలబెట్టారు. ఇది వేలు జారి జరిగే పని కాదు. ఎవరో కూర్చుని నిర్ణయించాలి, ఎవరో సరేనని తలూపాలి, ఆ మిషన్లను నెలల తరబడి కట్టాలి.

మురుగు కాలువల మిషన్ ఒకటుంది. చేతిలో ఆయుధం ఉండదు. శబ్దానికి మాత్రమే స్పందించే గుడ్డి జీవులు అక్కడ తిరుగుతుంటాయి, మీదికొస్తే పేలిపోతాయి. కాగితం మీద ఈ ఆలోచన ఎంత బాగుందో చూడండి. ఆటలో చూస్తే అవి నిటారుగా నిలబడి, కాళ్లు ఈడ్చుకుంటూ, వెన్ను నొప్పితో నడిచే ముసలాళ్లలా పోతుంటాయి. పక్కనుంచి మెల్లగా నడిచి వెళ్లిపోవడమే మన పని. వాటి నడక చూసి నవ్వనివాడు లేడు. ఆ నడకను ఎవరో బొమ్మ కట్టారు, ఎవరో చూసి ఆమోదించారు. అక్షరం దిద్దాక కూడా అవి అలాగే నడుస్తాయి. చివరికి ఏలియన్ల రాణితో తలపడే ఘట్టంలో చేసేదల్లా మీటలు నొక్కుతూ పరుగెత్తడమే. ఏలియన్స్ సినిమాలో కథానాయిక రిప్లీ లోడర్ యంత్రం ఎక్కి రాణితో తలపడ్డ దృశ్యాన్ని గుండెల్లో దాచుకున్నవాళ్లకు అది దెబ్బ మీద దెబ్బ.

కథ సంగతి ఎత్తితే ఒళ్లు మండుతుంది. 1992లో వచ్చిన మూడో సినిమాలో హిక్స్ మొదట్లోనే చనిపోతాడు. ఆటలో అతను బతికే ఉన్నాడు. సరే, అభిమానులు కోరుకున్నదే. ఎలా బతికాడు మరి? ఆ జవాబును ఆటలో దాటవేసి, 2013 జులైలో 'స్టేసిస్ ఇంటరప్టెడ్' పేరుతో విడిగా అమ్మిన భాగంలో పెట్టారు. కథలో గొయ్యి తవ్వి, దాన్ని పూడ్చే మట్టిని వేరే ధరకు అమ్మడం కూడా స్పెల్లింగ్ తప్పేనా?

ఇలాంటి నిర్ణయాలు ఎక్కడి నుంచి వస్తాయో తెలుసుకోవాలంటే ఆటకు పనిచేసినవాళ్ల జాబితా చూడాలి. గేర్‌బాక్స్ పేరుతో పాటు టైమ్‌గేట్, డెమియర్జ్, నర్వ్ అనే స్టూడియోల పేర్లూ ఉంటాయి. కథా భాగంలో పెద్ద వాటా టెక్సస్‌లోనే ఉన్న టైమ్‌గేట్ చేతుల మీదుగా పోయింది. ఆ వాటా ఎంతన్నదాని మీద తలా ఒక మాట చెప్పారు. ఆ ఏళ్లలో గేర్‌బాక్స్ ఖాళీగా లేదు. 2009లో 'బోర్డర్‌ల్యాండ్స్' తెచ్చింది, 2011లో ఏళ్ల తరబడి నానిన 'డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్'ను పూర్తి చేసి విడుదల చేసింది, 2012లో 'బోర్డర్‌ల్యాండ్స్ 2'తో గొప్ప విజయం కొట్టింది. సొంత ఆస్తి అయిన బోర్డర్‌ల్యాండ్స్ మీద ఉన్న శ్రద్ధ, అద్దెకు తెచ్చుకున్న ఏలియన్స్ మీద ఉందా? ఆట చూస్తే నాకు లేదనే అనిపిస్తుంది. గేర్‌బాక్స్ మాత్రం తామే సొంత సొమ్ము మిలియన్ల డాలర్లు ఇందులో పోశామని కోర్టులో చెప్పుకుంది, ఆ మాటా రాయాల్సిందే. టైమ్‌గేట్ 2013 మే నెలలో దివాలా తీసి మూతపడింది. దానికి వేరే పాత వివాదాలున్నాయి, ఆ నేరం కూడా ఈ ఆట నెత్తిన వేయను. ఆ ఏడాదే ఆటకు రావాల్సిన వీ యూ కన్సోల్ వెర్షన్‌ను రద్దు చేశారు.

చాలా చేతులు మారిన ఆట ఇది. ఇప్పుడు మళ్లీ ఆ ఐఎన్ఐ ఫైలు దగ్గరికి వస్తే, అక్షరం కన్నా నా కంటికి పెద్దగా కనబడేది ఆ లైను అక్కడ ఉండటం. పాత ఆదేశం సరిగా పనిచేయదని తెలుసు, అయినా లెవెళ్లలో అది చెల్లాచెదురుగా ఉండిపోయింది. ఒక్కోదాన్నీ మార్చడానికి తీరిక లేకనో ధైర్యం చాలకనో, సెట్టింగుల ఫైల్లో ఒక మళ్లింపు లైను రాసి కానిచ్చేశారు. పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఇలాంటి అతుకులు మామూలే, నేనూ రోజూ చూస్తుంటాను. కానీ శత్రువు తెలివంతా అలాంటి ఒక్క అతుకు మీద వేలాడుతున్నప్పుడు, అది పనిచేస్తోందో లేదో చూడటం ఎవరో ఒకరి పని అయ్యుండాలి. ఎవరి పనీ కాలేదు. చేతులు మారిన ఇంటికి వైరింగు తెలిసినవాడు మిగలడు.

ఇక్కడే నాకు, టెస్టింగ్‌లో ఉన్నవాడిగా, కథ చెప్పేవాళ్ల మీద కోపం వస్తుంది. హైదరాబాదులో నాలాంటివాళ్లు వేలల్లో ఉన్నాం. పొద్దున బిల్డ్ దిగుతుంది, సాయంత్రం లోపు బగ్గులు రైజ్ చేస్తాం, సెవరిటీ పెడతాం, స్క్రీన్‌షాట్ జత చేస్తాం. ట్రయాజ్ కాల్‌లో పదిమంది కూర్చుని 'ఇది షో స్టాపర్ కాదు, నెక్స్ట్ రిలీజ్‌లో చూద్దాం' అంటారు. ఆ నెక్స్ట్ రిలీజ్ ఎప్పుడొస్తుందో అందరికీ తెలుసు. నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఒక లోపాన్ని ఇలాగే తోసుకుంటూ పోయి, అది కస్టమర్ దగ్గర బద్దలయ్యాక 'ఒక కాన్ఫిగ్ లైను తప్పు' అని రిపోర్టు రాసి, ఆ లైను కొట్టిన అబ్బాయిని నిలబెట్టారు. ఆ లోపం మీద తెరిచిన టికెట్టు అప్పటికే సిస్టంలో ఉంది. దాన్ని వాయిదా వేసినవాళ్ల పేర్లు రిపోర్టులో రాలేదు.

జెనోమార్ఫ్‌లు తిన్నగా పరుగెత్తుకొస్తున్నాయన్నది కనిపెట్టడానికి ఫైళ్లు తెరవక్కర్లేదు, టెదర్ అంటే తెలియక్కర్లేదు. పది నిమిషాలు ఆడితే చాలు. ఆడిన సమీక్షకుల్లో చాలామంది అదే రాశారు. అంటే తయారీలో ఉన్నప్పుడు ఆ మాట ఎవరూ అననైనా అనలేదు, లేదా అన్నా ఎవరూ వినలేదు. రెండిట్లో ఏది జరిగినా అది స్పెల్లింగ్ దోషం కాదు, తేదీకి ఆటను తోసేయాలనే నిర్ణయం. పోనీ విడుదలకు ముందు టైము లేదనుకుందాం. 2013 మార్చిలో పెద్ద ప్యాచ్ వచ్చింది. దాని తర్వాత అదనపు భాగాలు వచ్చాయి, జులైలో హిక్స్ కథ వచ్చింది. అన్నిసార్లు పొట్ట కోసి కుట్టినా ఆ అక్షరం లోపలే ఉండిపోయింది. అప్పటికి ప్రపంచమంతా ఈ జీవులకు బుర్ర లేదని గోల పెడుతూనే ఉంది.

ఒక్క కారణం చెప్పే కథలంటే మనుషులకు మోజు, అందులో అమెరికా, ఆంధ్ర అన్న తేడా లేదు. మన సినిమా ఆఫీసుల్లో ఈ విద్య పండిపోయింది. శుక్రవారం టాక్ తేడాగా వస్తే సోమవారానికల్లా ప్రెస్‌మీట్ పెట్టి 'పదిహేను నిమిషాలు ట్రిమ్ చేశాం, ఇప్పుడు చూడండి' అంటారు. కత్తిరించినది రీలునే తప్ప కథను కాదు. అంతరిక్షంలోనూ ఇదే. 1962 జులై 22న శుక్ర గ్రహానికి బయల్దేరిన మారినర్ 1 దారి తప్పితే, 293వ సెకనులో భద్రతాధికారి దాన్ని పేల్చేయాల్సి వచ్చింది. 'ఒక్క హైఫన్ పోయినందుకు' అని ఇప్పటికీ చెప్పుకుంటారు. పోయిన మాట నిజమే, అది అక్షరం మీద గీయాల్సిన ఒక గీత. కానీ ముందు రాకెట్ యాంటెనా సరిగా పనిచేయక భూమి నుంచి వచ్చే సంకేతం తెగిపోయింది, అప్పుడుగాని ఆ గీత లేని లెక్క రంగంలోకి దిగలేదు. రెండు లోపాలు కలిసి కూల్చాయి. ఒకదానికే పేరొచ్చింది.

అక్షరదోషం దానంతటది ఎంత హాని చేస్తుందో చూడాలంటే ఇంకో ఉదాహరణ మనందరి ఫోన్లలోనే ఉంది. ఏ పేజీ నుంచి వచ్చామో వెబ్‌సైట్‌కు చెప్పే 'రెఫరర్' అనే అంశం ఒకటుంది. 1990ల్లో నిబంధనలు రాసినవాళ్లు దాని స్పెల్లింగ్‌లో ఒక 'ఆర్' మింగేశారు. ఎవరూ దిద్దలేదు. ఆ తప్పు పేరుతోనే ఇంటర్నెట్ మొత్తం ఇవాళ్టికీ నడుస్తోంది. ఎందుకంటే అది పనిచేస్తోందా లేదా అని చూసేవాళ్లు అవతలా ఇవతలా ఉన్నారు. వాళ్లు ఆ తప్పునే ఒప్పుగా వాడుకున్నారు.

మరి ఏలియన్ ఆట బాగా రావాలంటే ఏం కావాలి? జవాబు 2014 అక్టోబరులోనే వచ్చింది. అదే సెగా, అదే లైసెన్సు, బ్రిటన్‌లోని క్రియేటివ్ అసెంబ్లీ చేసిన 'ఏలియన్: ఐసొలేషన్'. అందులో కథ చాలావరకు ఒక్క జీవి చుట్టూ తిరుగుతుంది, దాన్ని చంపలేం. దాని బుర్రను రెండు అంతస్తులుగా కట్టారు. పై అంతస్తుకు ఆటగాడు ఎక్కడున్నాడో ఎప్పుడూ తెలుసు, అయితే జీవికి చెప్పదు, అప్పుడప్పుడూ 'ఆ చుట్టుపక్కల వెతుకు' అని మాత్రం సూచన ఇస్తుంది. కింది అంతస్తు, అంటే జీవి, తన కళ్లతో చెవులతో వెతుక్కోవాలి. మరీ ఎక్కువసేపు మన మీద ఒత్తిడి పడితే పై అంతస్తే దాన్ని కాస్త దూరం పంపిస్తుంది. అలమారలో దాక్కుని ఊపిరి బిగబట్టుకుంటే బయట అడుగుల చప్పుడు ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. 1994లో ఖాళీ గదులతో ఆ కుర్రవాడు చేసిన పనికి పెద్దన్న ఇది. ఇందులో ఒక్క స్పెల్లింగ్ తప్పు కూడా లేదని నేననను, అంత పెద్ద కోడులో ఎన్నో ఉంటాయి. కానీ ఆ జీవి ఎలా ప్రవర్తించాలన్నది ఆ ఆటకు ప్రాణమని అందరూ ఒప్పుకున్నారు కాబట్టి, అది చెడితే ఎవరి కంటా పడకుండా పోయే ప్రశ్నే లేదు. కలోనియల్ మెరీన్స్‌లో అది ఫైల్లో ఒక లైను.

నాతో వాదించేవాళ్లు ఒక మాట అంటారు. దిద్దిన ఆటను ఆడి చాలామంది మెచ్చుకున్నారు కదా అని. మెచ్చుకున్నారు. ఎప్పుడు మెచ్చుకున్నారు? 2018లో, డిస్కౌంట్ సేల్‌లో చిల్లర డబ్బుకు దొరికినప్పుడు. విడుదల రోజున 60 డాలర్లు పోసి, ఈ3 డెమో కళ్లలో పెట్టుకుని కూర్చున్నవాడి అనుభవం అది కాదు. తక్కువ ధరకు కొని, తక్కువ ఆశించి, తన చేత్తో ఒక అక్షరం చెరిపి ఆడేవాడికి ఏ చిన్న మెరుగైనా విందులాగే ఉంటుంది. ఆ సంతోషాన్ని నేను తప్పుపట్టను. వెలుగు నీడలు, ఆయుధాలు, శత్రువుల సంఖ్య అన్నీ ఓపికగా సవరించిన అభిమానుల మాడ్, అంటే మార్పుల కూర్పు, ఒకటుంది, దాన్ని చేసినవాళ్లకు దండం పెట్టవచ్చు. గమనించండి, ఆట మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్లు ఒక్క అక్షరంతో ఆగలేదు. అంత పెద్ద మాడ్ అవసరమైందంటే అక్షరం ఒక్కటే కారణమన్న మాట అక్కడికక్కడే కొట్టుకుపోయినట్టు.

తిలా పాపం తలా పిడికెడు అన్నారు. ఇక్కడ సెగా పిడికెడు, గేర్‌బాక్స్ పిడికెడు, చేతులు మార్చిన స్టూడియోల పిడికెళ్లు, అన్నీ తీసుకెళ్లి పేరు తెలియని ఒక ప్రోగ్రామర్ కీబోర్డు మీద కుమ్మరించాం. అతను ఎవరో, ఏ స్టూడియో జీతగాడో, రాత్రి ఎన్నింటికి ఆ లైను కొట్టాడో బయటివాళ్లకు తెలియదు. అతని తరఫున మాట్లాడేవాడు లేడు. డెమో నడిపించినవాళ్లకూ సమీక్షల మీద ఆంక్ష పెట్టినవాళ్లకూ లాయర్లు ఉన్నారు.

ఇంకో సంగతి ఈ కథలో ఎవరూ చెప్పరు. దిద్దుకునే వీలు పీసీ వాళ్లకే ఉంది. ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 డిస్కులు కొన్నవాళ్లకు నోట్‌ప్యాడ్ లేదు, ఆ ఫైలు వాళ్ల చేతికి అందదు. వాళ్లకు దిద్ది ఇవ్వగలిగింది సెగా, గేర్‌బాక్స్ మాత్రమే. 2018లో అక్షరం ఎక్కడుందో, ఏ లైనులో ఉందో ప్రపంచమంతా చూపించాక కూడా అధికారికంగా దిద్దిన ఫైలు రాలేదు. పీసీ వెర్షన్ కొన్నవాళ్లు ఇవాళ్టికీ తమ చేత్తోనే దిద్దుకుంటున్నారు. ఒక్క అక్షరమే ఆటను చంపిందని ఆ రెండు సంస్థలు నిజంగా నమ్మి ఉంటే, ఒక్క మధ్యాహ్నం పని అది.